ఓట్స్ మన నోటికి సయించాలంటే

మూడేళ్ల కిందట నాన్నగారి రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. పొద్దున్నపూట ఓట్స్ తినమన్నారు డాక్టరుగారు. అమలాపురంలో మందులతో పాటే ఒక ప్యాకెట్ కొనుక్కుని ఇంటికొచ్చాం. మర్నాడు ప్యాకెట్ మీద రాసినట్టే పాలు కాచి, ఓట్స్ వేసి, పంచదార కలిపి ఆయన ముందు పెట్టాను. రెండు చెంచాలు తిని గిన్నె పక్కకి జరిపారు. "ఇదేంటమ్మాయ్, పోస్టర్లు అంటించే బంకలా ఉంది" అన్నారు. కోపంతో అన్న మాట కాదు, నిజంగానే ముద్ద గొంతు దిగలేదు. ఆ ప్యాకెట్ అలమరలోనే ఉండి ఉండి పురుగుపట్టింది.

ఇప్పుడు అదే మనిషి వారంలో నాలుగు రోజులు ఓట్స్ అడిగి మరీ పెట్టించుకుంటున్నారు. మధ్యలో మేం మార్చినవేమిటో, ఏ వరసలో మార్చామో చెబుతాను. మీ ఇంట్లోనూ సగం వాడి వదిలేసిన ప్యాకెట్ ఉంటే ఇది మీకోసమే.

మొదట చేయాల్సిన పని: కొట్టుకి వెళ్లకండి

ముందు కూర్చుని, మీకు ఏ టిఫినంటే ప్రాణమో ఆలోచించండి. చల్లటి పాలూ పళ్లూ వేసుకుని పొద్దున్నే గిన్నెడు జావ తాగే అలవాటు మనది కాదు. గోదావరి జిల్లాల్లో పొద్దున్న నోటికి వేడి, ఉప్పు, కారం, పోపు వాసన కావాలి. అందులోనూ మనిషికో రుచి. ఉప్పుపిండిలా, అంటే బియ్యపు రవ్వ ఉప్మాలా, పలుకు పలుకుగా ఉంటేనే తినేవాళ్లు కొందరు. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకుంటే తప్ప పొద్దుపోనివాళ్లు కొందరు. దిబ్బరొట్టె, పెసరట్టు అంటే పెనం దగ్గరే నిలబడిపోయేవాళ్లు ఇంకొందరు. తీపి లేకపోతే తిన్నట్టే ఉండనివాళ్లూ ఉంటారు. వీటిలో మీది ఏదో తేల్చుకుంటే ఏ రకం ఓట్స్ కొనాలో, ఎన్ని నీళ్లు పోయాలో దాదాపు తేలిపోతుంది. నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. నాన్నగారు ఉప్పుపిండి మనిషి. ఆయనకి పాలజావ పెట్టాను.

తర్వాత: రకం చూసి కొనడం

వడ్ల గురించి తెలిసినవాళ్లకి ఓట్స్ రకాలు అర్థం కావడం చాలా తేలిక. పొట్టు తీసిన ఓట్స్ గింజని రెండు మూడు ముక్కలుగా కోస్తే అది స్టీల్ కట్ ఓట్స్. మన నూక అనుకోండి. గింజని ఆవిరి పట్టి రోలర్ల మధ్య అదిమితే రోల్డ్ ఓట్స్. అవి మన దొడ్డు అటుకులు. ఇంకా సన్నగా నొక్కి, చిన్న ముక్కలు చేసి, ముందే బాగా ఉడికించి ఆరబెట్టినవి ఇన్‌స్టంట్ ఓట్స్. అవి నీళ్లు తగలగానే మెత్తబడిపోయే పేపర్ అటుకుల లాంటివి. పేపర్ అటుకులతో ఉప్పుపిండి చేస్తే ఏమవుతుందో, ఇన్‌స్టంట్ ఓట్స్‌తో ఉప్మా చేసినా అదే అవుతుంది. చాలామంది ఓట్స్ అంటే మొహం తిప్పుకునేది మొదట చేతికొచ్చింది ఈ రకం కావడం వల్లే.

పలుకు కావాలంటే స్టీల్ కట్ కొనండి. చద్దికీ, తీపికీ రోల్డ్ బాగుంటాయి. అట్ల పిండిలో ఏదైనా కలిసిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు గింజ ఎంత పెద్ద ముక్కగా ఉంటే అంత మంచిదని గుర్తుపెట్టుకోండి. ముక్క పెద్దదైతే అరగడానికి ఎక్కువసేపు పడుతుంది, రక్తంలో చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది.

మసాలా కలిపిన చిన్న ప్యాకెట్లు కొనేముందు వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువుంటే అది ముందు వస్తుంది. ఉప్పులో ఉండే సోడియం ఎంతో కూడా రాసి ఉంటుంది. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. బీపీ ఉన్నవాళ్లకి ఆ ప్యాకెట్ అక్కర్లేదు. మన పోపుల డబ్బాలో ఉన్నవే చాలు.

మొదటిసారి చిన్న ప్యాకెట్టే కొనండి. ఓట్స్‌లో కొవ్వు నూటికి ఆరేడు వంతులు ఉంటుంది. పాలిష్ బియ్యంలో ఒక వంతు కూడా ఉండదు. అందుకే బియ్యంలా నెలల తరబడి నిలవుండవు, పాత నూనె వాసన వచ్చేస్తాయి. చలిదేశాల పంట అది. మన కాలవగట్ల ఊళ్ల ఉక్కలో, ముసురులో ఇంకా తొందరగా పాడవుతుంది. ప్యాకెట్ విప్పగానే ఒక చిటికెడు నోట్లో వేసుకుని నమలండి. లేత తీపి తగలాలి. చేదు తగిలితే తిరిగిచ్చేయండి. మంచిదైతే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

జిగురు సంగతి

ఈ ఒక్కటీ అర్థమైతే మిగతాదంతా చేతిలోకి వచ్చేస్తుంది. నాన్నగారు బంక అన్నది ఉత్తమాట కాదు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంది. నీళ్లలో ఉడికితే చిక్కబడి జిగురవుతుంది. నోట్లో మనకి నచ్చనిది ఆ జిగురే, కడుపులో మేలు చేసేదీ ఆ జిగురే. పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్లీ పైత్యరసం తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని వాడుకుంటుంది. ఈ పీచు రోజుకి 3 గ్రాములు అందితే, కొవ్వు తక్కువున్న తిండితో కలిసి గుండెజబ్బు ముప్పుని తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతించింది. 40 గ్రాముల ఓట్స్‌లో ఇది ఒకటిన్నర గ్రాముల పైచిలుకు ఉంటుంది. అంటే పొద్దున్న ఒక్కపూట తింటే సగం లెక్క అందినట్టు.

కాబట్టి జిగురుని పారబోయకూడదు. కొందరు ఓట్స్‌ని బియ్యంలా రెండుమూడుసార్లు కడిగి ఆ నీళ్లు వంపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. జిగురు ఉండాలి, నోటికి తెలియకుండా ఉండాలి. దానికి మూడు ఉపాయాలు: వేయించడం, తక్కువ కలపడం, పులుపు తగిలించడం.

వేయించడం గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఇనప మూకుడు పొయ్యి మీద పెట్టి, మధ్యస్థం మంట మీద వేడెక్కనివ్వండి. నూనె వద్దు. ఓట్స్ వేసి అట్లకాడతో అడుగు నుంచి తిరగేస్తూ ఉండండి. మొదటి నిమిషం పచ్చిపిండి వాసన వస్తుంది. రెండో నిమిషంలో ఆ వాసన పోయి ఏ వాసనా తెలియదు. అప్పుడే దించకండి. మూడు నాలుగు నిమిషాలకి పేలాల వాసనలాంటిది మొదలవుతుంది, వెనకాలే వేయించిన పల్లీల వాసన తగులుతుంది. మూకుడులో గలగలమన్న చప్పుడు తేలికవుతుంది. ఒక పలుకు వేళ్ల మధ్య పెట్టి నలిపితే పుటుక్కున విరగాలి. రంగు మారక్కర్లేదు, అంచులు కాస్త ఎర్రబడితే చాలు. వెంటనే పళ్లెంలోకి తీసేయండి, లేకపోతే మూకుడు వేడికే మాడిపోతాయి. రోల్డ్ ఓట్స్‌కి నాలుగైదు నిమిషాలు, స్టీల్ కట్‌కి ఆరేడు నిమిషాలు పడుతుంది. వారానికి సరిపడా ఆదివారం ఒకేసారి వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసుకుంటే రోజూ ఆ శ్రమ ఉండదు. ఇలా వేయించిన పలుకు ఉడికాక కూడా విడివిడిగా నిలబడుతుంది.

పలుకు కోరేవాళ్లకి: ఉప్పుపిండి పద్ధతి

మా ఇంట్లో గెలిచింది ఇదే. నలుగురికి ఒక కప్పు స్టీల్ కట్ ఓట్స్ వేయించి పెట్టుకోండి. రెండు చెంచాల పెసరపప్పు అరగంట ముందే నానబెట్టండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో చెంచాడు నూనె కాగాక ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు వేయండి. అల్లం, పచ్చిమిర్చి ముక్కలు అందులోనే వేగాలి. రెండున్నర కప్పుల నీళ్లు పోసి, ఉప్పు వేసి, పెసరపప్పు కూడా వేసేయండి. ఉప్పు ముందే పడాలి. చివర్లో వేసిన ఉప్పు పలుకులోకి ఎక్కదు, పైపైన మాత్రమే తెలుస్తుంది.

ఎసరు తెర్లుతున్నప్పుడు ఓట్స్ పోసి ఒక్కసారి కలిపి, మంట సన్నం చేసి మూత పెట్టేయండి. ఇక గరిటె పెట్టకూడదు. కలిపినకొద్దీ జిగురు బయటికొస్తుంది. పాతిక నిమిషాలకి నీరు ఇగిరి, పైన చిన్న చిన్న గుంటలు పడతాయి. పొయ్యి కట్టేసి, చారెడు పచ్చికొబ్బరి కోరు చల్లి, ఇంకో పది నిమిషాలు మూత తియ్యకుండా మగ్గనివ్వండి. తర్వాత ఫోర్కుతో గానీ గరిటె కాడతో గానీ పొడిపొడిగా విడదీయండి. అడుగున ఎర్రగా అంటుకున్న చెక్క కోసం మా ఇంట్లో పోటీ ఉంటుంది. నిమ్మకాయ ఊరగాయ గానీ, మజ్జిగ మిరపకాయ గానీ నంజుకోండి.

స్టీల్ కట్ దొరక్కపోతే రోల్డ్ ఓట్స్‌తో చేయొచ్చు, నీళ్ల లెక్క మాత్రం పూర్తిగా మారుతుంది. కప్పుకి కప్పు నీళ్లు మించకూడదు. అది కూడా పోపులో వేయించిన ఓట్స్ వేసి, పైన వేడినీళ్లు చిలకరిస్తూ, ఐదు నిమిషాలు మూతపెట్టి మగ్గించాలి. ఉప్మా రవ్వకి పోసినట్టు పోశారో, మళ్లీ బంకే.

చద్ది మనుషులకి

అమ్మ చిన్నప్పుడు వాళ్లింట్లో తరవాణి కుండ ఉండేది. గంజి, నీళ్లు పోసి పులియబెట్టిన ఆ కుండలో రాత్రన్నం వేసి, పొద్దున్నే ఉప్పూ మిరపకాయా నంజుకుని తిని పొలాలకి వెళ్లేవారు. రాత్రి నానబెట్టి పొద్దున్న తినే ఓట్స్ అంటే కొత్తదేమో అనుకుంటాం గానీ, మనకి ఆ రుచి ఎప్పటినుంచో తెలుసు.

రాత్రి అరకప్పు రోల్డ్ ఓట్స్‌లో అరకప్పు నీళ్లు పోసి నానబెట్టండి. ఇవి ఆవిరి మీద ఒకసారి ఉడికినవే కాబట్టి మళ్లీ పొయ్యి ఎక్కించక్కర్లేదు. స్టీల్ కట్‌తో మాత్రం ఇలా చేయకండి, నానినా గట్టిగానే ఉంటాయి. పొద్దున్న అరకప్పు పెరుగు చిలికి పోసి, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టండి. పెరుగు పులుపుకి జిగురు తెలియదు. శీతాకాలంలో పెరుగు రాత్రే కలిపి బయట పెట్టినా కమ్మగా ఉంటుంది. మేనెలలో అలా చేస్తే తెల్లారేసరికి నోట్లో పెట్టుకోలేనంత పులిసిపోతుంది. ఎండాకాలం నానబెట్టిన గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, పెరుగు పొద్దున్నే కలుపుకోండి.

ఇక్కడే ఇంకో మాట. నీచు తినేవాళ్లయితే, ఓట్స్‌ని ఉప్పు మాత్రం వేసి ముద్దగా ఉడికించి, నిన్నటి చేపల పులుసు వెచ్చబెట్టి పోసుకుని చూడండి. పులుసు మర్నాటికి ఎలా ఊరుతుందో మనవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. చింతపండు పులుపు, ఆ కారం పడ్డాక కింద ఉన్నది అన్నమా ఓట్సా అన్న పట్టింపే ఉండదు. మా తమ్ముడు ఓట్స్ ఒప్పుకున్నది ఈ ఒక్క దారిలోనే.

తీపి కావాలంటే

పరమాన్నం దారిలో వెళ్లండి. అరకప్పు రోల్డ్ ఓట్స్‌ని చెంచాడు నేతిలో వేయించి, ఒక కప్పు పల్చటి కొబ్బరిపాలలో, అంటే రెండోసారి పిండిన పాలలో, చిటికెడు ఉప్పు వేసి ఐదారు నిమిషాలు ఉడికించండి. తీపిలో ఉప్పేమిటి అనుకోకండి. ఆ చిటికెడు లేకపోతే ఓట్స్ చప్పగా, కాగితం నమిలినట్టు ఉంటాయి. పొయ్యి కట్టేశాక తాటిబెల్లం తురుము వేసి కలపండి. ఆవుపాలతో గానీ గేదెపాలతో గానీ చేస్తుంటే ఇది ఇంకా ముఖ్యం, పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయి. చివర్లో రెండు చెంచాల చిక్కటి కొబ్బరిపాలు, యాలకుల పొడి. అంబాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో కొబ్బరికి కొదవేముంది. పైన రావులపాలెం నుంచి వచ్చిన కర్పూర చక్రకేళి ముక్కలు కోసి వేస్తే ఆ పండు తీపే సగం బెల్లం పని చేస్తుంది.

ఇది రుచి కోసం తినేవాళ్లకి. కొలెస్ట్రాల్ కోసం ఓట్స్ మొదలుపెట్టినవాళ్లకి కొబ్బరిపాలు రోజూ పోస్తే ఒకచేత్తో ఇచ్చి ఇంకోచేత్తో లాక్కున్నట్టే, కొబ్బరిలో ఉండేది ఎక్కువగా సంతృప్త కొవ్వు. నాన్నగారికి నెలకోసారి పెడతాను. తాటిబెల్లమైనా చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లు దాన్ని మందుగా భావించొద్దు.

అట్టు మనుషులకి

ఇది అన్నిటికన్నా సులువు. పెసలు రుబ్బేటప్పుడు కప్పుకి గుప్పెడు రోల్డ్ ఓట్స్ ఆఖర్లో వేసి తిప్పండి. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర మామూలే. పిండి పదినిమిషాల్లో చిక్కబడిపోతుంది కాబట్టి పెనం ముందే కాల్చుకుని ఉంచండి, లేకపోతే ఇంకాస్త నీళ్లు కలపాల్సొస్తుంది. అట్టు చిరగకుండా వస్తుంది. కరకరలాడే అంచు కావాలంటే గుప్పెడు దాటకండి. దిబ్బరొట్టెలో అయితే బియ్యపు రవ్వలో సగం తీసేసి ఆ మేరకి స్టీల్ కట్ ఓట్స్ నానబెట్టి కలపొచ్చు. మూతపెట్టి సన్నటి సెగ మీద కాలాల్సిందే, తొందర పనికిరాదు.

పది రోజులు పరీక్షించండి

ఒక్కసారి తిని తేల్చేయకండి. మూడు చెంచాల ఓట్స్‌తో చిన్న గిన్నెడే చేయండి, నచ్చకపోతే పారేసినా బాధ ఉండదు. ఒకరోజుకి ఒక్కటే మార్చండి. ఇవాళ నీళ్లు తగ్గిస్తే రేపు ఎక్కువసేపు వేయించండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మా వంటింట్లో క్యాలెండర్ మీద తేదీ పక్కన పెన్సిల్‌తో రాసేదాన్ని: "నీళ్లు ఎక్కువ", "ఉప్పు చాల్లేదు", "నాన్న మళ్లీ అడిగారు". ఆ మూడోమాట రాసింది ఎనిమిదో రోజున.

చద్ది తప్ప మిగతావి వేడిగా ఉన్నప్పుడే తినేయండి. చల్లారితే గడ్డకడుతుంది, అప్పుడు ఎంత బాగా చేసినా నచ్చదు. పదకొండింటికల్లా ఆకలేస్తోందంటే ఓట్స్ తక్కువై కాదు, పక్కన ఏమీ లేక. ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేయించిన పల్లీలో, పెసరపప్పో తోడుండాలి. మనిషికి 40 గ్రాములు చాలు. రోల్డ్ అయితే అరకప్పు, స్టీల్ కట్ అయితే పావుకప్పు.

పీచు అలవాటు లేని కడుపుకి మొదటి వారం ఉబ్బరం, గ్యాసు రావచ్చు. సగం కొలతతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ నెమ్మదిగా పెంచండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు అది పరగడుపున వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తినండి. షుగర్ ఉన్నవాళ్లు తిన్న రెండు గంటలకి ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే ఏ రకం మీ ఒంటికి సరిపడిందో అంకెలే చెబుతాయి. గోధుమ పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టొద్దు. కొలెస్ట్రాల్ మాత్రలు మానేసి ఓట్స్ తినడం అసలు చేయకూడని పని. నాన్నగారు రెండూ కొనసాగిస్తున్నారు.

పది రోజుల తర్వాత కూడా నోటికి ఎక్కకపోతే బలవంతంగా మింగకండి. ఇదే బీటా గ్లూకాన్ బార్లీలోనూ ఉంది. బార్లీ గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్న ఉడికించి, మజ్జిగ పోసుకుని తినొచ్చు. మిగిలిపోయిన ఓట్స్ డబ్బాని అలమర వెనక్కి నెట్టకుండా పెసరట్టు పిండి పక్కనే పెట్టండి. రుబ్బినప్పుడల్లా ఒక గుప్పెడు వేస్తూ పోతే పురుగు పట్టేలోపే డబ్బా ఖాళీ అవుతుంది.